గొలుసూ, గొర్రెలూ

జాన్ హెల్డర్ వెడ్జ్ డైరీలను (1824–1835) ఎవరూ సాహిత్యమనరు. 1962లో టాస్మానియా రాయల్ సొసైటీ వాటిని అచ్చువేసింది. చరిత్రకారులు అవసరానికి తిరగేస్తారు, అంతే. అయినా పరాయి మాటల మధ్య సొంత మాటను కాపాడుకుంటూ వస్తున్న మనబోటి వాళ్లకు ఈ మనిషి కథలో పని ఉంది.

1824లో ఇంగ్లండు నుంచి వాన్ డీమన్స్ లాండుకు, అంటే నేటి టాస్మానియాకు, సర్కారు సర్వేయరుగా వచ్చాడు వెడ్జ్. తర్వాత ఉద్యోగం వదిలి గొర్రెల కామందయ్యాడు. దీన్ని రెండు జీవితాలుగా విడదీసి చెప్పడం నాకు సరిపడదు. నేల కొలిచే గొలుసు చేతిలో ఉన్న రోజుల్లోనే ఆయన కన్ను గడ్డి మీద ఉంది. 1835లో బాట్‌మన్ బృందం దుప్పట్లు, కత్తులు, అద్దాలు, పిండి ఇచ్చి నేటి మెల్‌బోర్న్ ప్రాంతంలో సుమారు 6 లక్షల ఎకరాలు కొన్నామంది. భాగస్థుల వాటాలు చూపే పటం గీసింది వెడ్జే. ఆయనా ఒక భాగస్థుడే. ఆ ఆగస్టులోనే గవర్నర్ బూర్క్ ఆ ఒప్పందం చెల్లదన్నాడు. నేల కులిన్ ప్రజలదని కాదు సుమా, రాజుగారిదని!

అక్కడే విలియం బక్లీ తారసపడ్డాడు. పారిపోయిన ఖైదీ. వాథరాంగ్ జనంలో 32 ఏళ్లు బతికి ఇంగ్లీషే మరిచిపోయాడు. రొట్టె చేతికిచ్చాక ఆ మాట మళ్లీ నోటికి వచ్చిందట. అతని కథ రాసుకుని, క్షమాభిక్ష ఇప్పించడానికి పాటుపడ్డాడు వెడ్జ్. ఇందుకు ఆయన్ను మెచ్చుకోవలసిందే.

మరి నది పేరు దగ్గర ఆ శ్రద్ధ ఏమయింది? వెంట ఉన్న ఇద్దరు స్థానికులు నదిని చూపి ‘యారా యారా’ అన్నారు. అదే పేరనుకుని రాసేసుకున్నాడు. నిజానికి ఆ నది బిర్రారంగ్. తిరుగుదారిలో వెరిబీ నది దాటుతుంటే, అక్కడి చిన్న జలపాతాన్నీ వాళ్లు అదే మాటతో పిలిచారు. అప్పుడు గాని అది నీరు దుమికే చోటుకు వాడే మాటని తెలియలేదు. ఈ సంగతి ఆయనే రాశాడు, దాచలేదు. పటం మీద మాత్రం యారా యారాగానే నిలిచింది. కచేరీ కాగితాల్లో మన ఊళ్ల పేర్లు ఏమవుతాయో ఎరిగిన మనకు ఇదేం వింత కాదు.

ఆ వెరిబీ ఒడ్డునే తర్వాత వెడ్జ్ గొర్రెలు మేశాయి.