గోడకుర్చీ నుండి చాప వఱకు

మన బడులలో ఆసనమునకును శిక్షకును గల చుట్టఱికము మిక్కిలి పాతది. పాఠము రానివానిని బెంచీ ఎక్కించితిమి. అల్లరి చేసినవానిచేత గోడకుర్చీ వేయించితిమి. కుదురుగా కూర్చుండుటయే విద్యకు తొలిమెట్టని నమ్మి, అయిదేండ్ల పసివాని కాళ్ళు నేలనంటక వ్రేలాడుచుండగా, వాని మనస్సు పాఠమునందు నిలువదేమని ఆశ్చర్యపడితిమి. బహువచనమున చెప్పితినే గాని, ఇవన్నియు నేను స్వయముగా చేసిన పనులే.

ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన తొలియేట నాకు ఒకటవ తరగతి అప్పగించిరి. ఆ గదిలోని బల్లలు, బెంచీలు పెద్దపిల్లలకై చేయించినవి. ఒక బాలుడు, పలకపై వ్రాయుమన్నంతనే, బెంచీమీదినుండి జాఱి, నేలపై బోర్లపరుండి వ్రాయుచుండెడివాడు. రెండుమాఱులు లేవనెత్తి కూర్చుండబెట్టితిని. మూడవమాఱు గోడకుర్చీ వేయించితిని. సాయంకాలము పలకలు దిద్దుచు చూతును గదా, వాడు బెంచీపై కూర్చుండి ఒకప్రక్క వ్రాసిన ఋకారము వంపులు విఱిగి క్రిందికి జాఱియుండగా, పరుండి రెండవప్రక్క వ్రాసినది గుండ్రముగా, నిండుగా నుండెను. మఱునాడు వాని ప్రక్కన కూర్చుండి పరికించితిని. బల్ల అంచు వాని గడ్డము నంటుచుండెను. మోచేయి ఆనించుటకు వీలులేక, భుజము పైకెత్తి వ్రాయవలసివచ్చుచుండెను. నేలమీదనో, మోచేతికి ఆధారము కలిగి వ్రేళ్ళు స్వేచ్ఛగా కదలుచుండెను. తప్పు బల్లది, శిక్ష బాలునిది.

ఇట్టి బల్లలను గూర్చియే అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ 1899లో వెలువడిన తన గ్రంథమున ఒక ముచ్చట చెప్పియున్నాడు. తగిన బల్లలకై ఆయన అంగళ్ళు తిరుగగా, ఒక వర్తకుడు, మీరు కోరునవి పిల్లలు పనిచేయుటకైన బల్లలు, మాకడనున్నవన్నియు వినుటకైనవి, అను భావమున బదులిచ్చెనట. అటుపిమ్మట 1907 జనవరి 6వ తేదీన రోమునగరపు సాన్ లోరెంజో పేటలో విద్యావేత్త మరియా మాంటిస్సోరి బాలల గృహమను తన బడిని తెఱచి, పిల్లలే మోయగల తేలిక కుర్చీలను, బల్లలను చేయించినది. అవి పడి చప్పుడగునని కొందఱు ఆక్షేపింపగా, ఆ పడుటయే పాఠమని ఆమె యభిప్రాయము: కదలని బరువైన బెంచీ పిల్లవాని తొట్రుపాటును కప్పిపుచ్చును, తేలిక కుర్చీ దానిని వెల్లడించి, ఎవరును మందలింపకయే వానికి ఒద్దిక నేర్పును. ఆమెయే 1939లో మద్రాసు అడయారునకు విచ్చేసి, యుద్ధకాలమంతయు మన దేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ యొసగినది.

చాపయు పీటయు మనకు క్రొత్తవి కావు. వీధిబడి అరుగుపై ఇసుకలో అక్షరములు దిద్దిన మన తాతలకు బెంచీల యెఱుకయే లేదు. అయినను నేలపై కూర్చుండబెట్టినంతమాత్రాన స్వేచ్ఛ కలుగదు. అచట కదలకూడదన్నచో చాపయు బెంచీయే. ఏది తనకు తగునో బిడ్డ స్వయముగా ఎంచుకొనుటలోనే దాని సారమున్నది. నేను కొన్ని తుంగచాపలు, పీటలు, పొట్టిబల్లలు సమకూర్చి, నాలుగే కట్టుబాట్లు పెట్టితిని: నల్లబల్ల కనబడవలెను, ప్రక్కవారి పనికి అడ్డుపడరాదు, చోటు కుదరకున్న సద్దుచేయక మార్చుకొనవచ్చును, పఱచినవారే చాప చుట్టి మూలనుంచవలెను. కొందఱు బాసింపట్టు వేసిరి, కొందఱు మోకాళ్ళపై నిలిచిరి. కిటికీ ప్రక్క చాపకై తొలివారము కలహములు రేగెను; నిన్న కూర్చున్నవారు నేడు విడువవలెనని తుదకు పిల్లలే తీర్పు చెప్పుకొనిరి. నిత్యము ఒక్కచోటనే కూర్చున్నగాని నెమ్మది కలుగని బిడ్డలును ఉందురు. మాఱుటకు వలెనే మాఱకుండుటకును వారికి స్వేచ్ఛ యుండవలెను.

ఒకనాడు తన నెచ్చెలి ప్రక్కన కూర్చున్న బాలిక యొకతె లేచి నాకడకు వచ్చి, “మాస్టారూ, అక్కడ కబుర్లు ఎక్కువైపోతున్నాయండీ, గోడ దగ్గరికి పోతాను” అని, చాప చుట్టి చంకనిడుకొని పోయి, ఆ గోడకు వీపానించి కూర్చుండి చదువుకొనసాగెను. ఎవరును పంపలేదు. ఒకప్పుడు పలక విడిపించి ఆ బాలునిచేత నేను కుర్చీ వేయించినది ఆ గోడకే.