తప్పెట గుళ్ళు – మూల విచారము

శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాలలో యాదవులు తరతరములుగా ఆడుచున్న తప్పెట గుళ్ళు తెలుగు జానపద నృత్యములలో విశిష్టమైనది. దానిని గూర్చిన వర్ణనలు మనకు కొఱవడలేదు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిగారి గ్రంథమందును, జానపద కళలను పరిచయము చేయు ఇతర పుస్తకములందును దానికి తగిన పుటలు దక్కినవి. కొఱవడినది విమర్శ. ఈ నృత్యమునకు మూలమేది అను ప్రశ్నకు సాధారణముగా చెప్పబడు సమాధానములు ఒకదానితో నొకటి పొసగవు. వానిని ప్రక్కప్రక్కన నిలిపి పరీక్షించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ విచారమునకు రాజాం ప్రాంతము అనువైన నెలవు. 2022 ఏప్రిల్ 4వ తేదీ పునర్విభజన వఱకు శ్రీకాకుళము జిల్లాలో ఉండి, అటుపిమ్మట విజయనగరము జిల్లాలో చేరిన ఈ పట్టణము పేరు వినగనే తాండ్ర పాపారాయుడు స్మరణకు వచ్చును. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధమును జంగము కథకులు తెలుగు దేశమంతట వినిపించిరి. ఆ వీరగాథ కోటలకును దొరలకును చెందినది. అదే నేలపై, కోటగోడల వెలుపలి పచ్చిక బయళ్ళకు చెందిన మఱియొక వీరగాథ తప్పెటపై మ్రోగుచున్నది. మొదటిదానికి చరిత్రకారులు, పరిష్కర్తలు, నాటకకర్తలు దొరకిరి. 1964లోను 1986లోను చలనచిత్రములు సయితము వెలువడినవి. రెండవదానికి దొరకినది మెప్పు మాత్రమే.

ముందుగా ఈ నృత్యస్వరూపమును సంగ్రహముగా చెప్పికొందము. సంప్రదాయముగా ఇది పురుషుల నృత్యము. ఆటగాండ్రు పొట్టి చల్లడములు ధరించి, కాళ్ళకు గజ్జెలు కట్టి, రేకు కట్టుగల గుండ్రని తప్పెటను మెడనుండి ఱొమ్మునకు వ్రేలాడదీసికొని, రెండు చేతులతో వాయించుచు వలయముగా తిరుగుదురు. నాయకుడు చరణమును అందించును. తక్కినవారు దానిని అందుకొని మరల పాడుదురు. నడక విలంబముగా మొదలై క్రమముగా త్వరితమగును. నడుమ ఒకరి భుజములపై నొకరు నిలిచి గోపురములు కట్టుట మొదలగు సాహసకృత్యములు ఉండును. కాటమరాజు కథ, లక్ష్మణమూర్ఛ, సారంగధర, చెంచులక్ష్మి, గజేంద్రమోక్షము, కృష్ణలీలలు వీరు ఆడు కథలలో ముఖ్యములు. గ్రామదేవతల పండుగలు, సంక్రాంతి, విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవము ఈ ఆటకు తావులు.

ఇక మూలమును గూర్చిన వాదములు. మొదటిది పౌరాణిక వాదము. ఆడువారు యాదవులు, శ్రీకృష్ణుడు యాదవుడు, గోపకుల రాసక్రీడయే ఈ నృత్యమునకు మాతృక అని దీని సారము. హరివంశమున హల్లీసక క్రీడా ప్రసక్తి కలదు; కాని హల్లీసకమనునది ఒక పురుషుని చుట్టును స్త్రీలు మండలాకారముగా ఆడునది. తప్పెట గుళ్ళలో స్త్రీలు లేరు, శృంగారము ప్రధానము కాదు, నడుమ నాయకుడు ప్రియుడు కాడు, పాటను అందించు పెద్ద మాత్రమే. వలయాకార మొక్కటే సమానధర్మము. వలయముగా ఆడని జాతి లోకమున అరుదు గనుక ఆ ఒక్క పోలిక జన్యజనక సంబంధమును స్థాపింపజాలదు. పౌరాణిక కథలు పాడుచున్నారు గదా యనిన, కథను స్వీకరించుట వేఱు, కథనుండి పుట్టుట వేఱు.

రెండవది శాస్త్రీయ వాదము. జాయపసేనాని నృత్తరత్నావళిని 1253–54 ప్రాంతమున రచించెను. అందలి యెనిమిది అధ్యాయములలో తొలి నాలుగు మార్గమునకును, తక్కిన నాలుగు దేశికిని కేటాయింపబడినవి. ఈ గ్రంథము తెలుగువారి గర్వకారణమగుటచే, ఏ జానపద నృత్యము కనబడినను దాని మూలమును ఆ దేశి ప్రకరణములలో వెదకు అలవాటు మనలో పాదుకొన్నది. జాయపుడు గణపతిదేవుని గజసాహిణి. ఆయన లక్షణము చెప్పిన దేశి, రాజసభ అంగీకరించిన దేశి. మందలవెంట తిరుగువారి ఆట ఆ సభకు చేరెనో లేదో గ్రంథము వలన నిర్ణయింపలేము. గ్రంథస్థము కానిది పుట్టలేదనుట యెట్లు దోషమో, గ్రంథస్థమైన దానినుండియే సర్వము పుట్టెననుట యట్లే దోషము.

మూడవది పదవ్యుత్పత్తిపై ఆధారపడు వాదము. తప్పెట యనునది వాద్యమని తెలియుచునే యున్నది. చిక్కు గుళ్ళు అను మాటలోనిది. వాద్యము గుండెపై ఉండుటచే గుండె శబ్దమునుండి వచ్చినదని తోచవచ్చును; కాని గుండెకు బహువచనము గుండెలు. గుల్ల యనుకొన్నచో బహువచనము గుల్లలు. ఈ రెండును వ్యాకరణమునకు నిలువవు. పండు పండ్లు పళ్ళు, బండి బండ్లు బళ్ళు అయినట్లు గుండు గుండ్లు గుళ్ళు అగుట క్రమసిద్ధము. గుడి శబ్దమునకును గుళ్ళు బహువచనమే. దేవాలయార్థమే గాక, చంద్రునిచుట్టు ఏర్పడు వలయమును సయితము గుడి యందుము. కావున వ్యాకరణము అంగీకరించు వ్యుత్పత్తులు రెండు: గుండ్రని తప్పెటలు, లేదా తప్పెటల వలయములు. రెండింటికిని అర్థము గుండ్రదనమే. పదము మనకు ఆకృతిని చెప్పినది, జన్మమును చెప్పలేదు.

ఇట్టి చిక్కు మనకే పరిమితము కాదు. ఫిలిప్పైన్స్ దేశమున లేతే ద్వీపమునకు చెందిన టినిక్లింగ్ అను నృత్యము కలదు. ఇరువురు రెండు వెదురుగడలను నేలకును ఒకదానికొకటికిని తాటించుచుండగా, ఆడువారు పాదము చిక్కకుండ వాని నడుమ అడుగులు వేయుదురు. వరిపొలములలో రైతులు పన్నిన వెదురు ఉచ్చులను తప్పించుకొను టిక్లింగ్ పక్షి నడకకు ఇది అనుకరణమని పేరే చెప్పుచున్నది. స్పెయినువారి పాలనలో తోటకూలీలను గడల నడుమ నిలిపి కొట్టిన శిక్షయే నృత్యమైనదని వేఱొక కథ. దానికి ప్రచారమున్నంత ఆధారబలము లేదు. ఒకటి పక్షిని చూపును, ఒకటి పీడనను చూపును. పరీక్షకునకు మొదట కనబడవలసినది వెదురు. పొలము, ఉచ్చు, కంచె, ఇల్లు, అన్నియు వెదురుతో కట్టుకొను జనుల చేతిపనిముట్టే అచ్చట తాళమైనది.

ఈ దృష్టితో తప్పెట గుళ్ళను చూచితిమేని ప్రశ్న మాఱును. ఏ పురాణమునుండి, ఏ శాస్త్రమునుండి అని కాక, ఏ బ్రదుకునుండి, ఏ దేహమునుండి అని అడుగవలసి యుండును. కాటమరాజు కథ ఇచ్చట ముఖ్యసాక్ష్యము. కఱవుకాలమున మందలను తోలుకొని వచ్చిన గొల్లలకును నెల్లూరి ప్రభువు నల్లసిద్ధికిని పచ్చికకై ఒడంబడిక కుదురుట, పుల్లరిగా కోడెదూడలను ఇచ్చుటకు అంగీకరించుట, పిమ్మట వివాదము పుట్టి పాలేటి యొడ్డున ఎఱ్ఱగడ్డపాట ఘోరయుద్ధము జరుగుట, ఖడ్గతిక్కన అందు మడియుట ఇందలి ప్రధానాంశములు. పద్యకవులు తిక్కనను స్మరించిరి. గొల్లలు పుల్లరిని స్మరించిరి. రాజ్యము కొఱకు కాక గడ్డి కొఱకు జరిగిన యుద్ధము వీరగాథ యగుట తెలుగు సాహిత్యమున అపూర్వము. నెల్లూరి సీమ కథ వందల మైళ్ళ దూరమున నాగావళి పరిసరములలో పాడబడుచుండుట, కథ ప్రాంతముతో కాక వృత్తితో ప్రయాణించినదనుటకు తార్కాణము.

ఇంతకంటె గమనింపదగిన భేద మొకటి కలదు. దక్షిణాంధ్రమునను తెలంగాణమునను ఈ కథను గొల్లలకు వినిపించువారు వేఱు. కొమ్ములవారు, మందహెచ్చులవారు, తెరచీరలవారు మొదలగు ఆశ్రితకులములవారు కథ చెప్పుదురు. గొల్లలు శ్రోతలు, దాతలు. తంగిరాల వెంకటసుబ్బారావుగారు పరిష్కరింపగా ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1970వ దశకమున రెండు సంపుటములుగా ప్రకటించిన కాటమరాజు కథలను చదివినవారికి ఆ కథాచక్రము ఎంత విస్తృతమో తెలియును. దాత వంశమును కీర్తించు కథకునకు వంశావళి, బిరుదములు, విస్తారము అవసరము. ఉత్తరాంధ్రమున అట్లు కాదు. ఇచ్చట గొల్లవాడు తన కథను తానే పాడుచున్నాడు, తానే వాయించుచున్నాడు, తానే ఆడుచున్నాడు. కీర్తించువాడు, కీర్తింపబడువాడు ఒకడే అయినపుడు వంశావళి అనావశ్యకమగును. దాని స్థానమును దేహము ఆక్రమించును. తప్పెట చేతిలోనో నేలపైనో కాక ఱొమ్ముపై నుండుట యాదృచ్ఛికము కాదని నా అభిప్రాయము.

ఈ ఏకత్వము పాట నిర్మాణమును సయితము శాసించును. ఎగురుచు, వాయించుచు పాడువాడు దీర్ఘవాక్యమును మోయలేడు. చరణము ఊపిరికి సరిపడునంత ఉండవలెను. బృందము చరణమును మరల పాడుట కేవలము వంత కాదు, నాయకుడు ఊపిరి తీసికొను వ్యవధి. ముద్రితపుటలో పునరుక్తిగా కనబడునది ఆటలో ప్రాణవాయువు. కథల యెంపిక యందును ఈ దేహధర్మము కానవచ్చును. మూర్ఛిల్లిన లక్ష్మణుడు, కాలుసేతులు ఖండింపబడిన సారంగధరుడు, మడుగున మొసలికి పాదము చిక్కిన గజేంద్రుడు – మూడును దేహమునకు వచ్చిన ఆపదలే. రామాయణ భాగవతములనుండి వీరు తీసికొన్నది తత్త్వోపదేశము కాదు, ఆడదగిన ఆపద. పురాణము ఈ నృత్యమునకు మూలము కాక వస్తువు మాత్రమే యనుటకు ఇది మఱియొక యుపపత్తి.

అయినచో తప్పెట గుళ్ళు అనాదిసిద్ధమని చెప్పవచ్చునా? అదియును తొందరపాటే. నేటి తప్పెటకు రేకు కట్టు. రేకు అంగడి సరకు. పల్లెలకు విరివిగా అందినది ఇటీవలి కాలముననే. కావున మనము చూచు వాద్యము నేటి రూపము ప్రాచీనము కాదు. వృత్తి ప్రాచీనము, కథ మధ్యయుగమునది, వాద్యము కట్టు ఆధునికము. ఒకే మూలమును వెదకుట వలననే మన వాదములన్నియు పెడత్రోవ త్రొక్కినవి. సజీవమైన కళకు వ్రేళ్ళు పెక్కు, వాని లోతులును వేఱు.

ఈ విచారము కేవలము పాండిత్యవినోదము కాదు. మూలమును గూర్చి మనము చెప్పు మాటయే వేదికపై ఏది నిలువవలెనో నిర్ణయించుచున్నది. ప్రభుత్వోత్సవములలోను, ఊరేగింపులలోను ఈ బృందములకు లభించు వ్యవధి కొలది నిమిషములు. ఆ నిమిషములలో కథకు చోటు లేదు. గోపురములు కట్టుట, పిల్లిమొగ్గలు మాత్రమే మిగులును. పౌరాణిక వాదమును నమ్మిన నిర్వాహకుడు కృష్ణలీల నొకదానిని కోరును. పుల్లరి కథను కోరువాడు లేడు. ఆ విధముగా పచ్చికకై పోరాడినవారి జ్ఞాపకము, ఆ జ్ఞాపకమును మోసినవారి చేతనే, తెలియకుండ విడిపింపబడుచున్నది.

టినిక్లింగ్ చరిత్ర మనకు హెచ్చరికయు, మార్గదర్శకమును. బయానిహాన్ నృత్యసంస్థ 1957లో ఏర్పడి, మఱుసటి యేట బ్రస్సెల్సు ప్రపంచ ప్రదర్శనమున ఫిలిప్పైన్స్ నృత్యములకు కీర్తి తెచ్చినది. ఆ కీర్తితో పల్లె ఆట దేశచిహ్నమైనది, దాని మూలకథ కార్యక్రమపత్రికలో ఒక వాక్యమైనది. అంతకు పూర్వమే, 1920వ దశకమునుండి, ఫ్రాన్సిస్కా రెయెస్ అక్వినో పల్లెపల్లె తిరిగి అడుగు, తాళపు లెక్క, సంగీతము, వేషము, సందర్భము కలిపి ఒక్కచోట వ్రాసియుంచుటచే, వేదికారూపమును మూలరూపముతో పోల్చి చూచు అవకాశము ఆ దేశీయులకు మిగిలినది.

మన సేకరణలు అట్టివి కావు. నేదునూరి గంగాధరముగారి సంకలనములును, బిరుదురాజు రామరాజుగారి 1958 నాటి సిద్ధాంతగ్రంథమును జానపదగేయములకు సాహిత్యగౌరవము సంపాదించినవి. ఆ ఋణము తీరనిది. కాని గేయమును సాహిత్యముగా నిలుపుటకై దానిని అడుగునుండియు వాద్యమునుండియు వేఱుచేయుట ఆనాటి అవసరము. నేడు ఆ అవసరము లేదు. తప్పెట గుళ్ళపై పనిచేయు పరిశోధక విద్యార్థి ఒకే బృందము ఊరిపండుగలో రాత్రి ఆడిన ఆటను, వేదికపై ఆడిన ఆటను రెండింటిని నమోదు చేయవలెను. ఏ చరణము జాఱినది, ఏ కథ విడువబడినది, ఊపిరి తీసికొను తావు ఎచ్చటికి మాఱినది గుర్తింపవలెను. ఎవరు ఎవరికై పాడుచున్నారో తప్పక వ్రాయవలెను. పాఠము, పాదము, తప్పెట కలిసి యున్న ప్రతియే ఈ కళకు మూలప్రతి. రాజాం పరిసరములలో ఆ ప్రతి నేటికిని సజీవులగు మనుష్యుల ఱొమ్ములపై నున్నది. దానిని పరిష్కరించు బాధ్యత తాళపత్రములను పరిష్కరించు బాధ్యతకు తక్కువది కాదు.