అతుకు దగ్గరి పనితనం

రాతి అలుగున్న కత్తిని ఎవరి చేతికిచ్చినా ముందు అంచు చూస్తారు. వెలుతురుకు ఎత్తిపట్టి, పెచ్చులు లేచిన చోట అలలు అలలుగా మెరిసే మెరుపును చూస్తారు. అది చూడదగ్గదే. నా కళ్లు మాత్రం తిన్నగా అలుగు పిడిలోకి దిగే చోటికి పోతాయి. రెండంగుళాలు కూడా లేని ఆ జాగాలో పెళుసైన రాయి, సాగే నరం, వేడికి కరిగే జిగురు, చేతికి ఒదిగే కొమ్ము ఒక్కటై నిలవాలి. మనిషి బుద్ధి అంత చిక్కగా పనిచేసిన చోటు మరొకటి నాకు తెలియదు.

నేనుండేది భిలాయిలో. 1959 ఫిబ్రవరి 4న ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. దేశం నలుమూలలా పరిచిన రైలు పట్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడి మిల్లులో సాగినవే. ఇలాంటి ఊళ్లో రాతికత్తి మీద మనసు పడటం వింతేమీ కాదనిపిస్తుంది నాకు. సంతలో లోహార్ కమ్మరులు అమ్మే కొడవలిని, ఇక్కడివాళ్లు హసియా అంటారు, తిప్పి చూడండి. తోకను ఎర్రగా కాల్చి కర్రపిడిలోకి దిగగొడతారు. పిడి చీలకుండా మూతికి పొన్ను తొడుగుతారు. ఇనుము ఇక్కడ కొత్తగా వచ్చింది, అంతే. పదునైనదాన్ని పట్టుకోవడానికి వీలైనదానితో కలపడమెలా అన్న చిక్కు దానికన్నా ఎన్నో వేల ఏళ్లు పాతది. నాగపూర్ దగ్గర మాహుర్‌ఝరీ బృహత్ శిలా సమాధుల్లో దొరికిన ఇనుప గొడ్డళ్లకు అడ్డంగా ఇనుప పట్టీలున్నాయి. గొడ్డలిని కర్రకు బిగించి ఉంచడానికి చేసినవి అవి.

నేనే ఒక రాతికత్తి చేయబూనినప్పుడు, దుప్పి కొమ్ముతో పిడి చేయాలన్న కోరికను మొదట్లోనే వదులుకున్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా దాన్ని దగ్గర ఉంచుకోకూడదు. అది సరైన చట్టం. గేదె కొమ్ము తీసుకున్నాను. తెలుగులో రెంటినీ కొమ్మనే అంటాం గానీ వాటి జాతులు వేరు. దుప్పి కొమ్ము ఎముక. ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తుంది. పైన గట్టి పెంకు, లోపల బొంగరాళ్ల మాదిరి చిల్లుల గుజ్జు. నీళ్లలో నానబెడితే మెత్తబడుతుంది, గుజ్జును తొలిస్తే గాడి తయారవుతుంది, ఆ చిల్లుల్లోకి జిగురు పాకి వేళ్లూనుతుంది. పాతకాలపు పనివాళ్లు దాన్ని ఎందుకంత ఇష్టపడ్డారో దీన్నిబట్టే తెలుస్తుంది. గేదె కొమ్ము గోరు జాతిది. మొదట్లో బోలు, కొన దగ్గర గట్టి. కొన ముక్కనే కోసి వాడాలి. నునుపు ఎక్కువ కాబట్టి గాడి లోపల అడ్డదిడ్డంగా గీతలు గీస్తే తప్ప జిగురు పట్టదు.

గాడిని అలుగు మందానికి సరిగ్గా సరిపోయేలా కోయడం నేను చేసిన మొదటి తప్పు. వడ్రంగంలో ఆ బిగువే గొప్ప. రాయి దగ్గర అదే చేటు. రాయి నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది, వంపును ఓర్చుకోలేదు. గాడిలో ఒక్క గట్టి మొన రాయికి తగిలినా, కోసేటప్పుడు పడే బలమంతా అక్కడికే చేరి అలుగు టప్పున విరుగుతుంది. నా మొదటి అలుగు అలాగే పోయింది. చుట్టూ ఒక బియ్యపు గింజ మందాన సందు వదిలి, ఆ సందును జిగురుతో నింపాలి. అంటే జిగురుకు అంటించడమొక్కటే కాదు పని, అది పరుపు కూడా.

ఆ జిగురు కోసం దూరం పోనక్కర్లేదు. మోదుగ, రేగు చెట్ల మీద పురుగు పెట్టే లక్కకు ఛత్తీస్‌గఢ్ పెట్టింది పేరు. మన దేశంలో కత్తుల పిడులను బిగించిందీ ఎక్కువగా లక్కతోనే. అయితే ఒట్టి లక్క చల్లారితే గాజులా పెళుసు. దానికి పొడి కలపాలి. కంసాలులు, కత్తులు చేసేవాళ్లు ఇటుక పొడి కలుపుతారు. పొడి కలపడం పాత కిటుకే. దక్షిణాఫ్రికాలోని సిబుడు గుహలో దొరికిన దాదాపు 70,000 ఏళ్ల నాటి పనిముట్ల మీద చెట్టు బంకతో పాటు ఎర్రమట్టి ఆనవాళ్లు కనిపించాయి. ఎర్రమట్టి కలిపితే బంక ఎందుకు గట్టిపడుతుందో లిన్ వాడ్లీ అనే పురావస్తు శాస్త్రవేత్త తానే చేసి చూసి చెప్పారు. ఆ ఎర్రమట్టిలో ఎరుపు ఇనుము భస్మానిది. మా ఉక్కు కర్మాగారానికి దల్లీ రాజహరా నుంచి వచ్చే ఖనిజం, హెమటైట్, కూడా అదే. ఈ ఊరి దుమ్ము రంగు కూడా అదే. ఉక్కు కాకముందు ఎన్నో వేల ఏళ్లు ఆ ఎర్రపొడి రాయిని పిడికి పట్టి ఉంచే పని చేసిందని తెలిసిన రోజు నాకు ఒళ్లు జలదరించింది. నూరిన ఎర్ర ఖనిజాన్ని లక్కలో కలిపాను, విరుపు తగ్గడానికి కొంచెం మైనం చేర్చాను.

ఇక్కడ ఒక మెలకువ ఉంది. లక్కను కరిగించి చల్లని రాయి మీద పోస్తే తాకినచోటే గడ్డకట్టి పైపైన కూర్చుంటుంది. గోటితో లేపితే పెళ్లలా ఊడొస్తుంది. రాయిని కూడా సెగ దగ్గర కాచి, పట్టుకోలేనంత వేడి కాకుండా, లక్కలో ముంచి తీయాలి. అప్పుడది పెచ్చు మచ్చల్లోకి దిగుతుంది. అంతకు ముందే అలుగు మొదటి భాగంలో రెండు అంచులనూ గరుకురాయికి రాసి మొండి చేయాలి. లేకపోతే పైన చుట్టే నరాన్ని అదే కోసేస్తుంది. నరం అంటే మేక కాలి వెనక ఉండే తెల్లని పట్టీ. ఎండబెట్టి, దంచి, పోగులు తీసి, తడిపి చుడితే ఆరేకొద్దీ ముడుచుకుని బిగుస్తుంది. ముడి అక్కర్లేదు, దాని బంకతో అదే అంటుకుంటుంది. వానకాలంలో మళ్లీ తడిసి వదులవుతుంది కాబట్టి పైన పల్చగా లక్క పూయాలి.

1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన, 5,000 ఏళ్లకు పైబడిన ఓట్జీ అనే మనిషి దగ్గర చిన్న రాతి బాకు దొరికింది. చెకుముకి అలుగు, కర్ర పిడి, ఇలాంటిదే నరపు చుట్టు. మంచు కాపాడింది గనుక పిడితో సహా మిగిలింది. మన నేలలో ఆ భాగ్యం లేదు. కర్రా కొమ్మూ మట్టిలో కలిసిపోయి రాయే మిగులుతుంది. అయినా ఆ రాయే అతుకు సంగతి చెబుతుంది. నంద్యాల జిల్లాలోని జ్వాలాపురం రాతి ఆవాసంలో దాదాపు 35,000 ఏళ్ల నుంచి వరసగా చేసిన సూక్ష్మ శిలా పనిముట్ల సంగతి 2009లో లోకానికి తెలిసింది. చేతి గోరంతటి అలుగులవి. వేళ్లతో పట్టుకుని కోయలేనంత చిన్నవి. వాటిలో కొన్నింటికి ఒక అంచు తళుకుమనే పదును, రెండో అంచు కావాలని చిన్నచిన్న దెబ్బలతో మొండిచేసిన వెన్ను. చేజేతులా పదును పోగొట్టడం ఎందుకు? గాడిలో కూర్చోబెట్టడానికి, జిగురు పట్టడానికి. పిడి లేకపోయినా పిడి కోసం చేసిన పని ఆ వెన్ను మీద ఉంది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ కొడవళ్లలో అలాంటి చిన్న అలుగులే తారులో వాలుగా వరస పేర్చి ఉన్నాయి. ఒకటి విరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు.

కత్తి ఆరాక అలుగును గోటితో తట్టి వింటాను. లోపల సందు మిగిలి ఉంటే గలగలమని బోలు చప్పుడు. లక్క అంతటా దిగితే అలుగూ పిడీ ఒకే కర్రలా పొట్టిగా టక్ మంటాయి. నాలుగోసారికి నాకు ఆ టక్ చప్పుడు వినిపించింది. ఈ మధ్య అలుగు కొన పోయింది. అతుకును దీపం సెగకు కాసేపు చూపిస్తే లక్క మెత్తబడి అలుగు తనంత తానే వదిలింది. గాడిలోని ఎర్రలక్కను అలాగే ఉంచి, కొత్త అలుగును కాచి దింపాను. పిడి పాతదే.