శీర్షిక చేసే బాకీ

కోయంబత్తూరులో గానీ మదురైలో గానీ మన సభ ఎప్పుడు జరిగినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. మనవాళ్లకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు అని. నిజమే. బడి తమిళం, అంగడి చిట్టా తమిళం, బస్సు నుదుటి మీది ఊరి పేరు తమిళం. తమిళాన్ని నిర్బంధం చేస్తూ 2006లో చట్టం వచ్చాక, మిగిలిన కాసిని తెలుగు తరగతులకూ ఊపిరి తగ్గింది. ఇదంతా మీకు తెలిసిందే కనక మళ్లీ ఏకరువు పెట్టను. దీని పక్కనే జరుగుతున్న ఇంకో సంగతి మన సభల్లో ఎవరూ ఎత్తడం లేదు. అది చెప్పాలని ఈ వ్యాసం.

చేతిలోకి ఫోను వచ్చాక తెలుగు అక్షరం మన ఇళ్లలోకి మళ్లీ అడుగుపెట్టింది. పంతులు లేడు, పలక లేదు. సినిమా పాట కోసమో, వంట కోసమో, తిరుపతి దర్శనం వివరాల కోసమో వెతికితే బొమ్మ మీద ఎర్ర బాణం గుర్తు, దాని పక్కన లావుపాటి పసుప్పచ్చ అక్షరాల్లో తెలుగు. అరవై దాటిన మా పిన్నమ్మ ఒకావిడ గుణింతాలు కూడబలుక్కుంటూ చదవగలిగేది ఆ రెండు పంక్తులే. కింద ఉన్న చిన్న అక్షరాల దాకా ఆమె ఓపిక చాలదు. అంటే ఆమెకు పెద్దబాలశిక్ష, మొదటి వాచకం, చివరి వాచకం అన్నీ శీర్షికే. ఒక భాషలో వేలమందికి శీర్షికే మొత్తం సాహిత్యమైనప్పుడు, శీర్షికను సాహిత్యంగానే తీసుకుని విమర్శించాలి కదా. విమర్శకులు దాన్ని అంటరానిదిగా చూడడం నాకు న్యాయంగా తోచదు.

ఆ శీర్షికలు ఎట్లా ఉంటాయో మీరూ చూశారు. "ఆ హీరో ఇంట్లో అంత పని జరిగిందా?", "ఈ ఒక్క ఆకు తింటే ఏమవుతుందో తెలుసా?", "ఆమె చెప్పిన మాట వింటే షాక్ అవుతారు!" ఇవి నేను కల్పించినవే గానీ, వీటి అన్నదమ్ములు రోజుకు వంద మన కంట పడుతూనే ఉంటాయి. వీటిలో నన్ను ఆకర్షించింది వ్యాకరణం. తెలుగులో ఎంత మంచి పనిముట్లు ఉన్నాయో అన్నిటినీ వీళ్లు ఎత్తుకుపోయారు.

మొదటిది "ఆ". మన ఇళ్లలో "ఆ పిల్ల" అంటే చెప్పేవాడికీ వినేవాడికీ ఇద్దరికీ తెలిసిన పిల్ల. తెలియనివాడితో "ఆ" అనం. శీర్షికలో "ఆ హీరో" అన్నప్పుడు మనకు తెలిసి ఉండాల్సిందేదో మనకొక్కరికే తెలియలేదన్న కలవరం పుడుతుంది. ఊరందరికీ తెలిసిన కబురు మన గుమ్మం తొక్కలేదన్న బెంగలాంటిది అది. రెండోది "ట". "విడిపోతున్నారట" అనే ఆ ఒక్క అక్షరం మన భాషకున్న గొప్ప సొత్తు. నేను చూడలేదు, ఎవరో అంటే విన్నాను అని నిజాయితీగా చెప్పడానికి పుట్టిన అక్షరం అది. ఈనాటి శీర్షికలో అదే అక్షరం బాధ్యత తప్పించుకునే దొడ్డిదారి అయింది. ఎవరు అన్నారని అడిగితే జవాబు ఉండదు. మూడోది చివరి దీర్ఘం: "జరిగిందా?" ఇంగ్లండు పాత్రికేయుడు ఇయాన్ బెట్రిడ్జ్ 2009లో దీనికి సరదాగా ఒక సూత్రం చెప్పాడు. ప్రశ్నగుర్తుతో ముగిసే ఏ శీర్షికకైనా "లేదు" అని జవాబు చెప్పుకుని ముందుకు పోవచ్చునని. మనవాటికి ఆ సూత్రం నూటికి తొంభై పాళ్లు సరిపోతుంది.

క్రియ వాక్యం చివర రావడం తెలుగుకు స్వభావం. కథ చెప్పే అవ్వ ఆ స్వభావాన్నే ఆసరా చేసుకుని, ఊపిరి బిగబట్టించి, చివరి మాటతో వదులుతుంది. శీర్షిక రాసేవాడు ఊపిరి బిగబట్టిస్తాడు, చివరి మాట మాత్రం మింగేసి మూడు చుక్కలు పెడతాడు.

ఇది తెలుగువాడి ఒక్కడి పాపం కాదనడానికి సాక్ష్యాలున్నాయి. జార్జ్ లోవెన్‌స్టైన్ అనే అమెరికా పండితుడు 1994లోనే కుతూహలం గురించి ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. తెలిసినదానికీ తెలుసుకోవాలనుకునేదానికీ నడుమ ఖాళీ కనబడితే చాలు, మనసు దాన్ని పూడ్చుకోకుండా ఉండలేదని దాని సారం. 2012లో అమెరికాలో మొదలైన అప్‌వర్తీ అనే సంస్థ ఈ ఖాళీ మీదే వ్యాపారం కట్టింది. ఒక్కో అంశానికి పాతిక శీర్షికలు రాయడం, కొన్నిటిని కొంతమందికి చూపించి, ఎక్కువమంది నొక్కినదాన్ని నిలబెట్టడం వాళ్ల పద్ధతి. ఆ శీర్షికల్లో లక్షా అయిదు వేల రకాలను పరిశోధకులు తీసుకుని లెక్కగట్టి 2023లో ప్రచురించారు. సగటు నిడివి శీర్షికలో చెడును సూచించే మాట ఒకటి పెరిగినకొద్దీ నొక్కేవాళ్లు 2.3 శాతం పెరుగుతారని తేలింది. 2.3 అంటే చిన్న అంకెలానే ఉంది. కానీ రోజూ లక్షలమంది ముందు పరిచే సరుకులో, ఆ 2.3 కోసమే "చావు", "పాపం", "దారుణం" అన్న మాటలు ముందువరసకు వస్తాయి. మా పిన్నమ్మకు తొలిసారి తెలుగు లిపిలో ఎదురైన మాటలు ఇవే అయితే, తన భాష ఏడుపుగొట్టు భాష అని ఆమె అనుకోవడంలో తప్పేముంది?

అయితే కళ్లు లాగే శీర్షికే పాపమని కొందరు పెద్దలు అంటారు. దానితో నేను ఏకీభవించను. ఏకీభవించకపోవడానికి కారణం మదురైలోనే దొరుకుతుంది.

సి.పా. ఆదిత్తనార్ 1942లో దినతంతి పత్రికను మొదలుపెట్టింది మదురైలోనే. అప్పటి తమిళ పత్రికల భాష చదువుకున్నవాళ్లకే అందేది. టీ అంగడి బల్ల మీద కూర్చుని కూడబలుక్కుని చదివేవాడు ఆదిత్తనార్ పాఠకుడు. వాడికోసం చిన్న మాట, చిన్న వాక్యం, పెద్ద అక్షరం. హత్యలూ ప్రేమలూ దండిగా ఉంటాయని పండితులు ముక్కు విరిచిన మాట నిజమే. కానీ ఎంతమంది కూలీలు, బండివాళ్లు ఆ శీర్షికల మీద వేలు పెట్టి అక్షరాలు దిద్దుకున్నారో తమిళులు ఈనాటికీ చెప్పుకుంటారు. మన పెద్దల్లో కూడా చాలామంది తమిళం చదవడం నేర్చింది అక్కడే. శీర్షిక వాచకం కావడం తప్పేమీ కాదని ఆ పత్రిక నిరూపించింది.

మరి తేడా ఎక్కడుంది? అంగడి తాడుకు వేలాడే ప్రకటన కాగితం తలుచుకోండి. పత్రికల పేరు పైన, కింద ఆనాటి సంచలనం రెండు మాటల్లో. దాన్ని చూసే కొంటారు. లోపల సరుకు లేకపోతే? కొన్నవాడు మర్నాడు అదే అంగడికి వస్తాడు, అంగడివాణ్ణి నాలుగు తిడతాడు, పత్రిక కొనడు. శీర్షిక చేసిన బాకీకి అంగడివాడు జామీను. ఫోనులో ఆ జామీను లేడు. నొక్కిన క్షణంలోనే ప్రకటన కనబడింది, బేరం ముగిసింది. తరవాత మీరు తిట్టుకున్నా, చదివినా, మూసేసినా రాసినవాడికి ఒకటే. నొక్కి, వెంటనే వెనక్కి వచ్చేవాళ్లు ఎక్కువగా ఉన్న శీర్షికలను కిందికి నెడతామని ఫేస్‌బుక్ 2014లో ప్రకటించింది. ఆ తరవాత పదేళ్లకు పైగా గడిచాయి. ఫలితం మీ చేతిలోనే ఉంది, చూసుకోండి.

ఇప్పుడు మన పూర్వుల దగ్గరికి వస్తాను. ఈ విద్య వాళ్లకు తెలియనిది కాదు. మధుర నాయకరాజుల్లో విజయరంగ చొక్కనాథుడి కాలంలో, అంటే పద్దెనిమిదో శతాబ్దం మొదటి భాగంలో, శేషము వేంకటపతి రాసిన కావ్యం పేరు చూడండి: శశాంకవిజయం. చంద్రుడు గురువుగారి భార్య తారను తీసుకుపోయిన కథ. పురాణం ప్రకారం అది పాపం. కవి దాన్ని "విజయం" అన్నాడు. రెండు పదాల్లో ఎంత కొంటెతనం! అదే కాలపు సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడి కావ్యం అహల్యాసంక్రందనం. సంక్రందనుడు ఇంద్రుడు. పేరులో అహల్య ఉంది, ఇంద్రుడు ఉన్నాడు, గౌతముడు లేడు. కథ తెలిసిన ప్రతివాడికీ ఆ లేకపోవడం కనబడుతుంది. భర్తను గుమ్మం బయట నిలబెట్టి కవి ఎటు చూస్తున్నాడో పేరులోనే తేలిపోతుంది. ఇంతకన్నా కళ్లు లాగే శీర్షిక ఈనాడు ఎవడు రాయగలడు? పైగా ఈ కవులు బాకీ ఉంచుకోలేదు. పేరులో ఏ తుంటరితనం చూపించారో కావ్యం నిండా అదే పెట్టారు. మెచ్చుకుంటామో నొచ్చుకుంటామో మన ఇష్టం, మోసపోయామని మాత్రం అనలేం.

మోసం వేరే చోట జరిగింది. ఆ తరవాత వచ్చిన సాహిత్య చరిత్రకారులు ఈ యుగం మొత్తానికి ఒక శీర్షిక పెట్టారు: "క్షీణయుగం". ఒక్క మాట. మన ఊళ్లలో, మన పూర్వుల నోటి తెలుగు ఆసరాగా, రెండు శతాబ్దాల పాటు పుట్టిన కావ్యాలు, యక్షగానాలు, వచన గ్రంథాలు ఆ ఒక్క మాట కిందికి పోయాయి. ఆంధ్ర దేశంలో విద్యార్థులు పరీక్షకు ఆ శీర్షిక చదివి, కింది పుస్తకం తెరవకుండానే జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నారు. కళ్లు లాగే శీర్షిక మన సమయం ఒక నిమిషం తింటుంది. కళ్లు మూయించే శీర్షిక ఒక యుగాన్నే తినేసింది. ఈ రెండోదాని మీద నాకు కోపం ఎక్కువ.

ఆధునికుల్లో శీర్షిక మర్మం బాగా తెలిసినవాడు తాపీ ధర్మారావు. మద్రాసులో జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపినవాడాయన. 1936లో ఆయన వేసిన పుస్తకం పేరు "దేవాలయాల మీద బూతుబొమ్మలు ఎందుకు?" ఈనాటి పద్ధతిలోనే ఉంది కదూ: ప్రశ్నగుర్తు ఉంది, బూతు ఉంది, దేవుడూ ఉన్నాడు. కానీ ఆయన వేసింది "ఉన్నాయా?" అనే ప్రశ్న కాదు. ఉన్నాయని గుడికి పోయే ప్రతి ఒక్కరికీ తెలుసు, ఎవరూ అడగరు. గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తూ తల పక్కకు తిప్పుకునే మనిషి కడుపులోని ప్రశ్నను ఆయన అట్ట మీద పెట్టాడు. తరవాత పుస్తకమంతా జవాబు వెతికాడు. ఆ జవాబు ఒప్పుకోనివాళ్లు కూడా వెతకలేదని అనలేరు.

చాసో కథ "ఎందుకు పారేస్తాను నాన్నా" దీనికి తిరగేసినది. ఒక పిల్లవాడి జవాబు మన ముందు పెట్టి, అడిగిన మాటను కథలో దాచాడు. చదువు మానవలసి వచ్చిన పిల్లవాడి కథ అది. పూర్తిచేశాక శీర్షిక మళ్లీ చదివితే గొంతు పట్టుకుంటుంది. నొక్కి చూసిన తరవాత మళ్లీ ఒకసారి చదవాలనిపించే శీర్షిక ఫోనులో మీకు ఎన్నడైనా తగిలిందా?

మన కీ.రా. గారిది ఇంకో దారి. ఇడైసేవల్ తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసిన కీ. రాజనారాయణన్ తన నవలకు పెట్టిన పేరు "గోపల్ల గ్రామం". దాని తరవాతిది "గోపల్లపురత్తు మక్కళ్". దానికే 1991లో సాహిత్య అకాదెమీ బహుమానం వచ్చింది. ఊరి పేరు, ఊరి జనం, అంతే. ఆంధ్రదేశం నుంచి వలసవచ్చిన మనవాళ్ల కథకు ఇంతకన్నా అరుపు అక్కర్లేదని ఆయన అనుకున్నాడు. స. వెం. రమేశ్ "ప్రళయకావేరి కథలు" పేరు కూడా ఆ కోవదే. పులికాట్ సరస్సుకు అక్కడివాళ్లు పిలిచే పేరు అది. తెలియనివాడు ఏమిటిదని ఆగుతాడు, తెలిసినవాడు మన ఊరే అని ఆగుతాడు.

ఇంతవరకు ఇతరులను అన్నాను. ఇక మన చిన్న పత్రికల సంగతి. విషయసూచిక తీయండి. "దక్షిణాంధ్ర వాఙ్మయం – ఒక పరిశీలన", "తమిళనాట తెలుగు – సమస్యలు, పరిష్కారాలు", "నాయకరాజుల సాహిత్య సేవ – ఒక విహంగ వీక్షణం". గీత ఎడమ పక్కన గంభీరమైన మాట, కుడి పక్కన నిద్రమాత్ర. ఇవి ఎవరికీ అబద్ధం చెప్పవు, ఎందుకంటే ఎవరికీ ఏమీ చెప్పవు. రాసిన మిత్రుడు పదేళ్లు తిరిగి, తాళపత్రాలు తిరగేసి ఉండవచ్చు. ఆ కష్టమంతా "ఒక పరిశీలన" అన్న దుప్పటి కింద పడుకుంటుంది. మన పాఠకుడు అసలే అక్షరం కూడబలుక్కునేవాడు. శీర్షిక దగ్గరే వాడి ఓపిక అయిపోతే ఆ నేరం ఫోను మీద వేయలేం. ఆంధ్ర పత్రికల ప్రాసల శీర్షికలు తెచ్చి అతికించినా ప్రయోజనం లేదు. సినిమా పాటనో సామెతనో విరిచి చేసే ఆ చమత్కారం అక్కడి గాలి పీల్చేవాడికే నవ్వు తెప్పిస్తుంది. ఇక్కడివాడికి అది అచ్చుతప్పులా కనబడుతుంది.

ఒక్క ఉదాహరణ ఇస్తాను. విజయరంగ చొక్కనాథుడు శ్రీరంగ మాహాత్మ్యం, మాఘ మాహాత్మ్యం రాశాడు, రెండూ వచనంలో. ఆయన కొలువు కవి వేంకటకృష్ణప్ప పద్యంలో అంతటివాడై ఉండి జైమిని భారతాన్ని వచనం చేశాడు. పద్యానికే పట్టంకట్టే ఆ కాలంలో ఇది చిన్న విశేషం కాదు. దీని మీద ఎవరైనా వ్యాసం పంపితే దానికి "మధుర నాయకుల వచన వాఙ్మయం – ఒక పరిశీలన" అన్న పేరు సిద్ధంగా ఉంటుంది. "పద్యం వదిలి రాజు వచనం ఎందుకు రాశాడు?" అని పెట్టి చూడండి. పెట్టిన మరుక్షణం వ్యాసకర్తకు ఇబ్బంది మొదలవుతుంది. చుట్టూ తమిళం వినబడే ఊరిలో పద్యం అర్థం కాని తెలుగు శ్రోతలు పెరిగారా? గుడిలో పురాణం చదివి వినిపించడానికి వచనమే అనువుగా ఉందా? రాజుకు పద్యం మీద మోజు తగ్గిందా? వీటిలో ఏదో ఒకటి తేల్చకుండా వ్యాసం ముగించలేడు. తేల్చలేకపోతే ఆ పేరు తీసేసి, పాత పేరే పెట్టి పంపవచ్చు. అప్పుడు కనీసం సంపాదకుడికైనా తెలుస్తుంది, లోపల ఎంత సరుకు ఉందో.