ఛాయాచిత్రమును, అచ్చుపనియును

డిజిటల్ ఛాయాచిత్రమును ప్రాచీనమైన అచ్చుపనితో మేళవించు పద్ధతి నేడు చిత్రకారులలో వ్యాపించుచున్నది. ఇది కళయా, కనికట్టా యని మమ్ము అడిగినవారు కలరు. రెండును కావచ్చును. ఎప్పుడేది యగునో తెలియుటకు మనకొక కొలత కావలెను.

యంత్రము ప్రవేశింపగనే చేతిపని చెడునని కొందరందురు. చరిత్ర అట్లు చెప్పుట లేదు. 1820 తరువాతి యేండ్లలో ఫ్రాన్సున నీయెప్స్ అనువాడు కాంతికి గట్టిపడు ఒకవిధమైన కీలును లోహపు పలకపై పూసి, సూర్యకిరణములచే బొమ్మను నిలిపి, ఆ పలకనుండి అచ్చులు తీయించెను. 1860 ప్రాంతమున ఇంగ్లండులో కొయ్యపలకపైననే ఛాయాచిత్రమును దింపి, దాని ననుసరించి చెక్కుట అలవాటయ్యెను. కావున ఛాయాచిత్రము పుట్టుకతోనే అచ్చునకు తోబుట్టువు. మేళనమును మేము ఆక్షేపింపము. మేళనమను పేర ఒకదానిచే మరియొకదానిని మ్రింగించుటను ఆక్షేపింతుము.

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము నాలుగవ ఉద్ద్యోతమున, ఇరువురు కవుల రచనలకు గల పోలికను మూడు తెరగులుగా విభజించెను. ఒకటి అద్దములోని ప్రతిబింబము వంటిది. దానికి ప్రత్యేకమైన ఆత్మ లేదు. రెండవది పటముపై వ్రాసిన బొమ్మ వంటిది. దాని ఆత్మ అల్పము. మూడవది ఇద్దరు మనుష్యుల పోలిక వంటిది. రూపము కలిసినను ప్రాణము ఎవరిది వారిదే. ఇదియొక్కటే కవికి గ్రాహ్యము. మనకు కావలసిన కొలత ఇదియే.

దీనితో మన పొరుగు సంగతిని చూతము. తెనాలినుండి రేపల్లెకు పోయి, పెనుమూడి వద్ద వంతెనపై కృష్ణ దాటి, దివిసీమ గడచినచో బందరు వచ్చును. దాని చెంతనే పెడన. అచటి అద్దకమునకు కలంకారీ యని పేరేగాని, పని చేయునది కలము కాదు, చెక్కిన టేకు అచ్చు. గుడ్డను కరక్కాయ రసమున ముంచి ఆరవేయుదురు. ఇనుప తుక్కును బెల్లముతో పులియబెట్టిన నీటితో నల్లగీతను ఒత్తుదురు. ఎరుపు రావలసిన తావులందు పటికనీటిని ఒత్తి, ఉతికి, రంగునీట ఉడికింపగా అచట ఎరుపు తేలును. గీతకొక అచ్చు, రంగుకొక అచ్చు.

నేడు ఆ గుడ్డనే కెమెరాతో పట్టి, రంగు చిమ్ము యంత్రముచే గజములకొలది దింపవచ్చును. చేతి అద్దకమని నమ్మి ఒక దుకాణమున కొన్న దుప్పటిని మేము తరగతిలో పరచితిమి. ఒక బాలుడు వ్రేలు పెట్టి చూపెను: “మాస్టారూ, ఈ పువ్వు దగ్గర రంగు గీత దాటిందండీ. ఆ పువ్వు దగ్గరా అంతే. అన్నిచోట్లా ఒకటే తప్పండీ!” మేము సిగ్గుపడితిమి. అచ్చు చెక్కుటలోని లోపము మరల మరల కనబడును. ఒత్తుటలోని తప్పు ఒత్తినప్పుడెల్ల వేరగును. ఇచట యంత్రము ఒక చేతి తొట్రుపాటునే వందసార్లు నకలు చేసినది. గుడ్డ తిరుగవేయగా వెనుక తెల్లగా నుండెను. ఇది ప్రతిబింబము.

రెండవ తెరగు మన చిత్రప్రదర్శనములలో కనబడును. డిజిటల్ చిత్రమును వెలుగునీడలు తారుమారు చేసి పారదర్శకమైన ఫిల్ముపై దింపి, ఇనుప లవణములు పూసిన కాగితముపై ఉంచి, ఎండ చూపి కడిగినచో నీలిబొమ్మ వచ్చును. ఇది 1842లో హెర్షెల్ కనిపెట్టిన విధానము. విధానమున దోషము లేదు. కాని పలువురు నిన్న తీసిన బొమ్మకు నూరేండ్ల ముసలివేషము వేయుటకే దీనిని వాడుచున్నారు. ఈ విషయమునకు ఈ నీలిమ యేల యన్న ప్రశ్నకు ఆ చిత్రములలో సమాధానము దొరకదు.

మూడవది అరుదు. వెలుగునీడలు తారుమారు చేయక దింపిన ఫిల్మును కాంతికి గట్టిపడు పలకపై ఉంచి, పలక సిద్ధమైన పిదప సిరా నింపి, తుడిచి, తడికాగితముపై ఒత్తుదురు. తుడుచునపుడు ఎంత సిరా నిలుపవలెనో కెమెరా చెప్పదు. ముఖమున వెలుగు మిగిల్చి వెనుకగోడను చీకటిలో ముంచుట చేతి తీర్పు. మెదకుసీమ నిజాంపూరున పుట్టి బరోడాలో అచ్చుచిత్రకళ నభ్యసించిన లక్ష్మాగౌడుగారి పలకలను చూచినవారు ఇట్టి తీర్పు విలువ నెరుగుదురు. పెడనలోను ఇది సాధ్యమే. కెమెరా పట్టిన చిత్రమును అచ్చు చెక్కువాని ముందుంచి, ఏ గీత నిలుపవలెనో ఏది విడువవలెనో అతనినే తేల్చనిండు. అప్పుడు కెమెరా అతని కూలిని హరింపక, అతని కన్నునకు క్రొత్త విషయము నిచ్చును.

యంత్రపు గుడ్డ నమ్ముట తప్పు కాదు. బీదవానికి చవుక గుడ్డ కావలసినదే. దానిని చేతిపని పేర అమ్ముట తప్పు. మచిలీపట్నపు కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించియున్నది. కాని కొనువారు గుడ్డ తిరుగవేసి చూచుట నేర్వనంతకాలము అది కాగితముననే యుండును. మా తరగతి బాలురు ఇప్పుడే గుడ్డ చూచినను మొదట వెనుకవైపు చూచుచున్నారు. పెద్దలును అంతపాటి విద్య నేర్వవలెనని మా కోరిక.