మూడు సెంటీమీటర్ల పాలపిట్ట

మార్కర్లతో, కలర్ పెన్సిళ్లతో బొమ్మలు వేస్తానని చెప్తే ఎవరైనా ముందు అడిగేది "ఎంత పెద్దవి వేస్తారు?" అనే. పేకముక్కంత అట్ట మీద, అందులోనూ మూడు సెంటీమీటర్ల పిట్ట అనగానే అడిగినవాళ్ల ఉత్సాహం చప్పబడిపోతుంది. గోడంత బొమ్మ వేస్తే ఆర్టిస్టు, పేకముక్క మీద వేస్తే కాలక్షేపరాయుడు. కాలక్షేపమే అనుకోండి, నాకు పేచీ లేదు. పని మాత్రం చిన్నది కాదు.

ఆ సైజు నేను కనిపెట్టింది కూడా కాదు. 1997లో జ్యూరిక్‌లో వాంచీ స్టిర్నెమాన్ అనే ఆర్టిస్టు 64 మిల్లీమీటర్ల వెడల్పు, 89 మిల్లీమీటర్ల పొడవున్న కార్డుల మీద బొమ్మలు వేసి, వాటిని ఒకరితో ఒకరు మార్చుకునే పద్ధతి మొదలుపెట్టాడు. ఆర్టిస్ట్ ట్రేడింగ్ కార్డులంటారు. అమ్మకూడదు, ఇచ్చిపుచ్చుకోవాలి, అంతే నియమం. నాకు ఇచ్చిపుచ్చుకోవడమంటే విజయవాడలో ఉన్న మా అక్కకి కవర్లో పెట్టి పంపడం. తను బొమ్మలు వెయ్యదు కాబట్టి బదులుగా వచ్చేవి విమర్శలు, అప్పుడప్పుడూ గోంగూర పచ్చడి.

ఎక్కువసార్లు వేసేది పాలపిట్ట. దసరానాడు దాన్ని చూడాలని ఊరు ఊరంతా పొలాల వైపు నడిచే ప్రాంతంలో ఉంటున్నాను, అదొక కారణం. కరెంటు తీగ మీద కూర్చున్నంతసేపూ మట్టిరంగు పిట్ట, రెక్క విప్పితే రెండు నీలాల పిట్ట, అది రెండో కారణం. అసలు పిట్ట ముక్కు నుంచి తోక దాకా 30 సెంటీమీటర్లు దాటుతుంది. నా అట్ట మీద మూడు. అన్నిటినీ పదో వంతుకి కుదిస్తే సరిపోతుందనుకుంటాం, బొమ్మ పాడయ్యేది సరిగ్గా అక్కడే. ఉన్నదాన్ని ఉన్నట్టు కుదిస్తే కాగితం మీదికి దిగేది నిజంలా కనిపించదు. ఈ సైజులో సహజంగా అనిపించాలంటే కొన్ని అబద్ధాలాడాలి. ఏది ఎక్కడ ఆడాలన్నదే కిటుకంతా.

ముందు గీతల సంగతి. మామూలు చూపున్న కన్ను 30 సెంటీమీటర్ల దూరం నుంచి, సుమారు మిల్లీమీటరులో పదో వంతు ఎడమున్న రెండు గీతల్ని కూడా విడివిడిగా పట్టుకోగలదు. ఎంత వాడిగా చెక్కిన కలర్ పెన్సిలైనా నాలుగు గీతలు గీసేసరికి మొన అర మిల్లీమీటరుకి అరుగుతుంది. నా దగ్గరున్న పెన్నుల్లో సన్నది పిగ్మా మైక్రాన్ 003, దాని గీత 0.15 మిల్లీమీటర్లు. అంటే కన్ను చూడగలిగినంత సన్నంగా చెయ్యి గీయలేదు. పాలపిట్ట గొంతు మీద వంగపండు ఛాయలో లేత చారలుంటాయి. పదో వంతుకి కుదిస్తే అవి వెంట్రుకంత. వాటిని ఒక్కొక్కటిగా గీద్దామని పట్టుదలకి పోతే గొంతుకి గళ్ల లుంగీ చుట్టినట్టుంటుంది. అందుకని చారల జోలికి పోను. లేత గోధుమరంగు వేసేటప్పుడే రెండు మూడు చోట్ల పైనుంచి కిందికి సన్నగా కాగితాన్ని వదిలేస్తాను. చారలున్నాయని చూసేవాడి కన్నే నమ్ముతుంది. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టదు.

గీతల కంటే చిత్రమైంది నీలం. మనం దేన్నైనా సూటిగా చూసినప్పుడు ఆ బొమ్మ రెటీనా నడిమధ్యన పడుతుంది కదా, ఆ మధ్యలో ఒక బుల్లి వలయంలో నీలాన్ని పట్టే కోన్ కణాలు ఉండవు. వలయం వెడల్పు డిగ్రీలో మూడో వంతు. చదివే దూరంలో పెట్టిన కాగితం మీద అది రెండు మిల్లీమీటర్లలోపు. అంతకంటే చిన్న నీలం మచ్చని తదేకంగా చూస్తే నీలం నలుపు వైపుకి జారుతుంది, పసుపు తెలుపులో కలిసిపోతుంది. పెద్ద బొమ్మలు వేసేవాళ్లకి ఈ బాధ తెలియదు. నా పాలపిట్ట రెక్కలో ముదురునీలం పట్టీ ఒక మిల్లీమీటరు వెడల్పు. ఫొటో పక్కన పెట్టుకుని, అచ్చంగా అదే నీలం మార్కర్ వెతికి తీసి వేశామనుకోండి, అట్ట చేతిలోకి తీసుకున్నవాళ్లకి కనిపించేది నల్ల పట్టీ. కాబట్టి అక్కడ ఒకటి రెండు మెట్లు లేత నీలం, అదీ నిజం పిట్టకి ఉన్నదానికంటే మెరుపెక్కువ ఉన్నది వేస్తాను. దాని పక్కనే ఆకాశనీలం ఒక పోగులా ఆనిస్తే అప్పుడు అదీ నీలమే, ఇదీ నీలమే అని తెలుస్తుంది. కంటి చుట్టూ ఉన్న నారింజ ఛాయ చర్మాన్ని ఉన్నంత లేతగా వేస్తే కనిపించదు. ఎర్రదనం పెంచి వేయాలి, లేదంటే మానెయ్యాలి.

రొమ్ము దగ్గర దీనికి పూర్తిగా ఎదురు. ఆ గోధుమరంగు అట్ట మీద ఆరేడు మిల్లీమీటర్ల మేర పరుచుకుంటుంది. అంత చోటున్నప్పుడు మెరిసే రంగు వేస్తే పిల్లల స్టిక్కరు తయారవుతుంది. కోపిక్ మార్కర్ల మూత మీద సాధారణంగా ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. అక్షరం రంగు కుటుంబం: బీ అంటే నీలాలు, ఈ అంటే మట్టి రంగులు. మొదటి అంకె పెరిగేకొద్దీ రంగులో బూడిదతనం ఎక్కువ, రెండో అంకె పెరిగేకొద్దీ ముదురు. రొమ్ముకి మొదటి అంకె పెద్దదిగా ఉన్నది, రెక్క పట్టీకి చిన్నదిగా ఉన్నది. ఈ సంగతి ఏ బొమ్మల పుస్తకంలోనూ నాకు కనపడలేదు, పిట్ట దగ్గరే తెలిసింది. కోపిక్ స్కెచ్ రకంలో 358 రంగులున్నాయి. పాలపిట్టకి ఏడెనిమిది చాలు. పెద్ద సెట్టు కొంటే చెయ్యి తిరుగుతుందనే భ్రమ కొట్లవాళ్లకి మంచిది.

కోపిక్ మార్కర్లు జపాన్‌లో 1987లో వచ్చాయి. వాటి ఆల్కహాల్ సిరా జిరాక్స్ గీతల్ని కరిగించకపోవడమే అప్పట్లో డిజైనర్లకి నచ్చిన గుణం. నాకిప్పటికీ అదే పనికొస్తోంది. గీతబొమ్మ ఒకసారి శ్రద్ధగా గీసుకుని, వీధి చివర జిరాక్స్ షాపులో నునుపైన మందపాటి షీటు మీద నాలుగైదు తీయించుకుంటాను. ఒక మూల మార్కర్ తాకించి, గీత చెదరడం లేదని చూసుకున్నాకే మొదలుపెట్టడం. స్కూలు పిల్లల నీళ్ల సిరా స్కెచ్ పెన్నులతో ఈ పని కాదు. రెండోసారి రుద్దగానే కాగితం పొట్టు లేస్తుంది.

ఆల్కహాల్ సిరాకి ఒక దుర్గుణం ఉంది: నిబ్బు ఎత్తేశాక కూడా కాగితంలో పాకుతూనే ఉంటుంది. పెద్ద బొమ్మలో అర మిల్లీమీటరు పాకితే ఎవరికి పట్టింది? ముక్కు మందమే మిల్లీమీటరున్న పిట్టకి అది ముఖం వాచిపోవడం. అందుకని గీత దాకా రంగు వెయ్యను. గీతకి ఇవతలే బ్రష్ నిబ్బు కొస తాకించి, ఎత్తి, ఆగుతాను. మిగిలిన దూరం సిరా తనంతట తానే నడుస్తుంది. ఎంత ముందు ఆగాలన్నది కాగితాన్ని బట్టి ఉంటుంది, నిబ్బు ఎంత తడిగా ఉందన్నదాన్ని బట్టి కూడా. కొత్త మార్కర్ కంటే సగం అయిపోయిన మార్కర్ ఈ పనికి నమ్మకస్తురాలు. పెద్ద బొమ్మల్లో చేసినట్టు మూడు రంగుల్ని ఒకదాన్లోకి ఒకటి కలపడానికి ఇక్కడ చోటు లేదు. ఒకే రంగు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, నీడ పడే వైపు మళ్లీ అదే రంగు వేస్తే ఒక మెట్టు ముదురుతుంది. అది చాలు. ఆరకముందే రెండో పూత వేశామా, రెండూ కలిసిపోయి మళ్లీ ఒకటే మచ్చ.

పెన్సిలు దీని తర్వాతే. ముందు పెన్సిల్ వేసి పైన మార్కర్ రుద్దితే మైనం నిబ్బుకి ఎక్కి మార్కర్ పాడవుతుంది. అసలు మార్కరెందుకు, ఒట్టి పెన్సిల్‌తో వేయొచ్చుగా అంటారు. కాగితం ఎంత నున్నగా కనిపించినా దాని గరుకులోకి పెన్సిల్ దిగని చోట తెల్లని నలుసులు మిగులుతాయి. పెద్ద బొమ్మకి అవి అందమే. ఈ పిట్ట మీద ఒక్కో నలుసు ఒక్కో ఈకంత ఉంటుంది. మార్కర్ అడుగున పరిస్తే నలుసులుండవు, పైన పెన్సిల్‌తో మెల్లగా నీడలు, ఈకల దిశ, అంచులు దిద్దుకోవచ్చు. దానికి కావాల్సింది మెత్తని పెన్సిల్ కాదు. ప్రిస్మాకలర్‌లాంటి మైనపు పెన్సిళ్లు వెన్నలా జారతాయని అందరూ మెచ్చుకుంటారు గానీ, ఈ సైజులో ఆ జారడమే చిక్కు, మొన నిలవదు. నూనె కలిపి చేసే ఫేబర్ కాస్టెల్ పాలిక్రోమోస్ కాస్త గట్టివి, మొన నిలుపుకుంటాయి. అవి 1908 నుంచీ ఉన్నాయి. ధర చూసి గుండె ఆగేవాళ్లకి ఒక మాట: పిల్లల బాక్సుల్లో వచ్చే గట్టి కలర్ పెన్సిళ్లని పెద్దవాళ్లు చిన్నచూపు చూస్తారు. అంచు గీతలకి వాటి గట్టిదనమే అక్కరకొస్తుంది.

మొన సంగతిలో నాకు గురువులు ఊళ్లలో ఫొటో స్టూడియోల వాళ్లు. నలుపు తెలుపు రోజుల్లో నెగెటివ్ మీద పెన్సిల్‌తో ముఖాలకి టచింగ్ చేసేవాళ్లు గుర్తున్నారా? మశూచి మచ్చలు, కళ్లకింద గుంటలు, అన్నీ ఆ పెన్సిల్ కిందే మాయమయ్యేవి. పెన్సిల్ లెడ్డుని బాగా పొడుగ్గా బయటికి తీసి, ఉప్పుకాగితం మీద తిప్పుతూ సూదిలా అరగదీసేవాళ్లు. గీసేటప్పుడు దాదాపు బరువు పెట్టేవాళ్లే కాదు. షార్ప్‌నర్ ఎంత మంచిదైనా ఆ మొన రాదు. నేనూ ఉప్పుకాగితం ముక్క పక్కన పెట్టుకుంటాను, రెండు మూడు గీతలకోసారి పెన్సిల్‌ని వేళ్ల మధ్య కాస్త తిప్పుతాను. తిప్పుతూ గీస్తే మొన తనని తానే పదును పెట్టుకుంటుంది.

నీడకి నలుపు వాడను. 1600 ప్రాంతంలో నికొలస్ హిలియార్డ్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు బుల్లి బొమ్మల విద్య గురించి ఒక గ్రంథం రాశాడు. అరచేతిలో ఇమిడే ముఖచిత్రాలు వేయడంలో దిట్ట, తోలు పొరని పేకముక్క వెనక అతికించి దాని మీద వేసేవాడు. మొదటి ఎలిజబెత్ రాణి తన బొమ్మ వేయించుకోవడానికి చెట్టు నీడ కూడా పడని తోటలో కూర్చుందని అందులో చెప్తాడు. నీడ కంటే గీతే ముఖ్యమని అతని వాదం. గీత మాటలో నేను అతనితో పూర్తిగా ఏకీభవించను గానీ, ముదురు నీడ చిన్న బొమ్మలో నీడలా కాక మురికిలా కనిపిస్తుందన్నది నిజం. పాలపిట్ట పొట్ట కింద నేను వేసేది లేత ఊదా. రొమ్ము గోధుమరంగు మీద అది పడితే నీడగానే చెల్లుతుంది.

కంట్లో వెలుగుచుక్కకి తెల్ల జెల్ పెన్ను వాడమంటారు. పిట్ట కన్ను మొత్తం మిల్లీమీటరు. జెల్ పెన్ను చుక్క దాన్లో సగం మింగేసి పిట్టని పిచ్చిదాన్ని చేస్తుంది. 003తో కన్ను నింపేటప్పుడే, వెలుగు వచ్చే వైపు కాగితాన్ని ఒక నలుసంత వదిలేయడం మేలు. వదిలిన కాగితం కంటే తెల్లని తెలుపు ఏ డబ్బాలోనూ దొరకదు.

ఇంత చేసి పంపిస్తే మా అక్క ఏం చేస్తుంది? ఫోన్‌లో ఫొటో తీసి, రెండు వేళ్లతో అరచేయంత చేసి, "కన్ను దగ్గర ఈ మచ్చేంట్రా" అంటుంది. పెంచి చూస్తే నేనాడిన అబద్ధాలన్నీ బయటపడతాయి మరి. రెక్క నీలం మరీ మెరుస్తోందని, గొంతు మీద చారలు రెండే ఉన్నాయని. ఆ బొమ్మ 30 సెంటీమీటర్ల దూరానికి కట్టింది. దాన్ని ఫోన్ తెరంత చేయడం నాటకాన్ని స్టేజీ ఎక్కి చూడటమే అని నా అభిప్రాయం. ఫ్రేము కట్టించి కిటికీ పక్కన తగిలిస్తానందోసారి, అది మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. ఆల్కహాల్ మార్కర్లలో ఉండేది డై, వెలుతురుకి వెలిసిపోతుంది. పైన వేసిన మంచి పెన్సిల్ రంగు నిలుస్తుంది. కొన్నాళ్లకి రంగు పోయిన పిట్ట మీద నీడలు మాత్రం మిగులుతాయి. ఆల్బంలో పెట్టుకోవడమే దారి.

ఇప్పుడు తన కొత్త కోరిక రామచిలుక. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకని రాష్ట్ర పక్షిగా ఎంచుకుంది, పాలపిట్ట తెలంగాణకి ఉండిపోయింది. "ఎప్పుడూ మీ పిట్టేనా, మా పిట్టనీ వెయ్" అని. చిలుక చూడ్డానికే సులువు. ఒళ్లంతా ఒకే పచ్చ కాబట్టి రంగుల తేడాతో దాక్కునే వీలు లేదు. వెలుగు వైపు పసుపు కలిసిన పచ్చ, నీడ వైపు నీలం కలిసిన పచ్చ, ఆ తేడాతోనే గుండ్రని ఒళ్లు రావాలి. పైముక్కు ఎరుపు ఫరవాలేదు, పచ్చ పక్కన ఎంత చిన్నదైనా పలుకుతుంది. మెడపట్టీ దగ్గరే ఆగిపోయాను. మగచిలుక మెడ చుట్టూ నలుపు, వెనక గులాబీ. పచ్చ మీద గులాబీ వేస్తే బురదరంగు వస్తుంది, కాబట్టి ముందే తెల్లగా వదలాలి. వదలాల్సింది అర మిల్లీమీటరు. దానికి రెండువైపులా పాకే అలవాటున్న పచ్చ సిరా. ఏ కాగితం మార్చినా పట్టీని సిరా మింగేస్తోందని ఫోన్‌లో గోడు వెళ్లబోసుకుంటే అక్క అంతా విని, "ఆడచిలుక వెయ్, దానికి పట్టీ ఉండదుగా" అంది. ఈ వారం ఆడచిలుక వేస్తున్నాను.