చేగోడీల లెక్క

సంక్రాంతి ముందు విజయవాడ సత్యనారాయణపురంలో మా అమ్మ చేగోడీలు చేస్తుంటే పక్కన పీటేసుకుని కూర్చున్నాను. ఉడికిన బియ్యప్పిండి ముద్దని పీట మీద సన్నగా తాడులా పేని, రెండు కొసలూ కలిపి నొక్కుతుంది. నేను కావాలనే నా తాడుని పక్క చేగోడీలోంచి దూర్చి అంటించాను. మూకుట్లో రెండూ గొలుసుగా తేలాయి. "ఇదేం తిక్క పనిరా" అంది.

వారంగా కంప్యూటర్లో నేను చేస్తున్న తిక్క పనీ ఇదే. ఉంగరాల్లాంటి పాలిమర్ అణువులు ఒకదాన్నొకటి ఎలా భరిస్తాయో చూడటం. కొసలున్న పొడుగాటి అణువు ఎంత రద్దీలోనైనా పాములా జారిపోగలదని శాస్త్రవేత్త డి జెన్ 1971లో చెప్పాడు. ఉంగరానికి కొసల్లేవు, ఆ దారీ లేదు. నన్ను పట్టేసిన సంగతి ఇంకోటి. రెండు విడి ఉంగరాల మధ్య ఏ వికర్షణా పెట్టకపోయినా, దారం మందం దాదాపు సున్నా చేసినా, దగ్గరకొస్తే తోసుకున్నట్టే ఉంటాయి. దగ్గరయ్యేకొద్దీ అవి పడగలిగే వంపుల్లో చాలా భాగం గొలుసైపోయినవే. విడిగా పుట్టినవాటికి అవి నిషిద్ధం. మిగిలినవి తక్కువ, అంటే ఎంట్రోపీ తక్కువ. ఒక్కో దూరంలో లక్షల జతలు పుట్టించి, ముడిపడనివి ఎన్నో లెక్కపెట్టి, ఆ నిష్పత్తికి లాగరిథమ్ తీసి గుర్తు మారిస్తే ఆ తోపుడు ఎంతో తేలుతుంది. చేయకూడనివే ఇక్కడ బలం.

ఉంగరాలు కదలాలంటే మాత్రం క్రెమర్, గ్రెస్ట్‌ల 1990 నాటి పూసల నమూనా కావాలి. అందులో స్ప్రింగు బిగువు 30, సాగుడు హద్దు 1.5. తొందరలో నేను అంతకన్నా మెత్తటి మామూలు స్ప్రింగు పెట్టి, రాత్రంతా నడిపి పడుకున్నాను. తెల్లారేసరికి గ్రాఫు ముచ్చటగా ఉంది, ఉంగరాలు హాయిగా కలిసిపోతున్నాయి. మరీ హాయిగా. అనుమానమొచ్చి గాస్ 1833లో రాసుకున్న లంకె సంఖ్య లెక్కేశాను. కాగితం మీద బొమ్మగా గీస్తే ఒకటి రెండోదాన్ని దాటిన చోటల్లా ప్లస్ ఒకటో మైనస్ ఒకటో వేసి, మొత్తాన్ని సగం చేయాలి. మొదట్లో 0, చివరికీ 0 ఉండాలి. 1 వచ్చింది. దారంలోంచి దారం దూరిపోయింది. (0 వచ్చినా నమ్మకూడదు, వైట్‌హెడ్ లంకె ముడిపడి ఉండీ 0 చూపించే దొంగ.)

"ఇదెవరికిరా?" అంటాడు మా బాబాయి. ఆయనది దివిసీమ, గేదెలున్నాయి. జోరీగలు మోసుకొచ్చే సర్రా జబ్బు ఆయనకి తెలుసు. దాని సూక్ష్మజీవిని గ్రిఫిత్ ఇవాన్స్ 1880లో పంజాబులో గుర్రాలు, ఒంటెల రక్తంలో చూశాడు. ఆ సూక్ష్మజీవిలో వేలకొద్దీ చిన్న డీఎన్‌ఏ ఉంగరాలు యోధుల ఇనుప చొక్కాలా అల్లుకుని ఉంటాయి. నకలు తీసుకోవాలంటే ఒక్కోదాన్నీ విప్పి మళ్ళీ అల్లుకోవాలి. టోపోఐసోమరేజ్ ఎంజైము దారాన్ని కోసి, దాటించి, అతికిస్తుంది. నా ప్రోగ్రాం పొరపాటున చేసిన పని అది పద్ధతిగా చేస్తుంది.

బాబాయి కాసేపు ఆలోచించి, "అయితే ఆ కత్తెర పట్టేసుకుంటే గేదె బతుకుతుందిగా?" అన్నాడు.

స్ప్రింగు 30కి మార్చి మళ్ళీ మొదలుపెట్టాను. ఎల్లుండికి అవుతుంది, కరెంటు పోకపోతే.